ఇంకా వుంది

ఎదురుచూడటం ఎలాగో ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. తెల్లవారితే పాలవాడి కోసం, పొద్దెక్కితే పనిమనిషి కోసం, గ్యాసు బుక్ చేస్తే బండ కోసం, పొద్దుగూకితే ఇల్లు చేరవలసిన వాళ్ళ కోసం - రోజంతా మనం చేసే పనుల్లో సగం ఎదురుచూపే. జీతం లేని పని గనక ఎవరూ దాన్ని పనికింద జమకట్టరు, అంతే. కాబట్టి ఎదురుచూపుల చరిత్ర ఎవరైనా రాయవలసి వస్తే ఆ అర్హత మనకే ఎక్కువని నా నమ్మకం.

ఆ చరిత్రకు తగిన చోటు కూడా దగ్గర్లోనే వుంది. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ - ఈ మూడింటినీ కలిపి ఎదురుచూపుల పేట అన్నా తప్పులేదు. ఇటు ఆర్టీసీ చౌరస్తాలో కొత్త సినిమా మొదటి ఆట కోసం చూసేవాళ్ళు. అటు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనూ, అశోక్‌నగర్ హాస్టళ్ళలోనూ సర్కారు నోటిఫికేషన్ కోసం చూసేవాళ్ళు. వీళ్ళ ఓర్పు ముందు మన ఓర్పు ఏపాటిది చెప్పండి! తెలంగాణ గ్రూప్-వన్ సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపరు లీకయిందని అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాశారు. ఆ పరీక్షను హైకోర్టు రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో సరికొత్త ప్రకటన. జూన్‌లో మళ్ళీ ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఏడు సముద్రాలు దాటిన రాకుమారుడు కూడా ఒక సముద్రాన్ని మూడుసార్లు దాటినట్టు నేనెక్కడా చదవలేదు.

ఇప్పుడు ఇవే వీధుల్లో మూడోరకం ఎదురుచూపు ఒకటి కనబడుతోంది. ఇంకా తయారుకాని ఆట కోసం పిల్లలు చూసే చూపు. మైదానంలో ఆడే ఆట కాదు, కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ ఆడేది. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు దాన్ని. తేలిగ్గా చెప్పాలంటే వేషం కట్టి ఆడే ఆట. అందులో ఒక కల్పిత లోకం వుంటుంది - కోటలు, కీకారణ్యాలు, సొరంగాలు, రెక్కల గుర్రాలు, నిప్పులు కక్కే సర్పాలు. లోపలికి అడుగుపెట్టే ముందు ఒక వేషం ఎంచుకోవాలి. కత్తివీరుడివా, విలుకాడివా, మంత్రగాడివా, వైద్యుడివా? ముక్కు ఎలా వుండాలి, జుట్టు ఏ రంగు, ఒంటిమీద ఏ కవచం? పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. ఆ తర్వాత చిన్నచిన్న పనులు చేసి బలం కూడగట్టుకుంటూ, మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోవాలి. ఇదంతా మామూలే. విశేషం ఏమిటంటే, అదే లోకంలో అదే సమయానికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వేలమంది తిరుగుతూ వుంటారు. మన పిల్లవాడు ఆట కట్టేసి పడుకున్నా ఆ లోకం నిద్రపోదు.

ఇలాంటి ఆట బజారులోకి రావడానికి రెండుమూడేళ్ళ ముందే టముకు వేస్తారు. తర్వాత ట్రెయిలర్ అని ఒక బొమ్మల తునక. తర్వాత 'ఫీచర్లు' - అంటే ఆటలో వుండబోయే విశేషాలు - నెలకొకటి చొప్పున వదులుతారు. ఒక్కొక్క విశేషం మీద పిల్లలు వారాల తరబడి తర్కించుకుంటారు. పెద్దవాళ్ళకు ఒళ్ళు మండేది ఇక్కడే. వచ్చిన ఆట ఆడుకుంటే ఒక లెక్క, రాని ఆట గురించి ఏడాదిపాటు మాట్లాడుకోవడమేమిటి, వీళ్ళకు మతిగాని పోయిందా అంటారు.

నాకు మాత్రం ఆ మాట అనడానికి నోరు రాదు. ఈ ఎదురుచూపు మన ఇళ్ళల్లో పుట్టి పెరిగిందే. వేషం మార్చుకుంది గనక పోల్చుకోలేకపోతున్నాం.

ఆ పిల్లలు ఫాంటసీ అనేదానికి మనకు ముచ్చటైన మాట వుంది - జానపదం. మధిర సుబ్బన్నదీక్షితులుగారు పన్నెండు భాగాలుగా రాసిన కాశీమజిలీ కథలు మీలో చాలామంది అమ్మమ్మల నోటివెంటనైనా వినే వుంటారు. మణిసిద్ధుడనే యతి కాశీకి ప్రయాణం కట్టాడు. దారిలో తోడు కావాలి. గోపడనే పశువులకాపరి కుర్రాడు వస్తానన్నాడు గాని ఊరికే రానన్నాడు. మజిలీ మజిలీకి తనకు వింతగా తోచినదాని కథ చెప్పాలి, చెప్పకపోతే అక్కణ్ణించే వెనక్కి వెళ్ళిపోతానని షరతు పెట్టాడు. పాపం ఆ యతికి గత్యంతరం లేదు. మజిలీ చేరగానే కుర్రాడు ఊరిమీద పడి తిరుగుతాడు, ఏదో వింత చూసి వస్తాడు, దాని సంగతేమిటని నిలదీస్తాడు. కథ నడుస్తుంది. మర్నాడు ఇంకో మజిలీ. ఇప్పటి పిల్లలు 'లెవెల్' అనేది ఈ మజిలీనే. 'క్వెస్ట్' అనేది గోపడు వెతికి పట్టుకొచ్చే ఆ వింతనే. రేపటి మజిలీలో ఏముందో అనే ఆశ లేకపోతే కాశీ ఎవరికి కావాలి?

వైకుంఠపాళి సంగతి చెప్పనే అక్కరలేదు. వైకుంఠ ఏకాదశికో శివరాత్రికో జాగారం పేరుచెప్పి గవ్వలు వేస్తూ ఎన్నిసార్లు నిచ్చెనలెక్కామో, ఎన్నిసార్లు పెద్దపాము నోట్లో పడి మొదటికి వచ్చామో మనకే తెలుసు.

అయితే కథ కోసం ఎదురుచూడాలంటే వినేవాళ్ళకు చెవులు చాలుగాని, పత్రిక కోసం ఎదురుచూడాలంటే చదువు రావాలి గదా. నిజాం రాజ్యంలో చదువులన్నీ ఉర్దూలో. ఆడపిల్లకు తెలుగులో చదువు చెప్పించడమంటే ఆ రోజుల్లో సాహసమే. మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు ఆడపిల్లల కోసం పెట్టిన బడి నారాయణగూడలో ఆయన పేరుతోనే వుంది. జానపదాల చరిత్రలో బడి ప్రస్తావన ఏమిటంటారేమో. ఆ బడిలో, అలాంటి బళ్ళలో నాలుగక్షరాలు నేర్చుకున్న ఆడపిల్లలు తల్లులయ్యాకనే ఈ ఊళ్ళో చందమామకు ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. పత్రిక కొనడానికి డబ్బిచ్చేది నాన్న అయితే కావచ్చు, అన్నం పెడుతూ చదివి వినిపించింది ఎవరు?

చందమామ 1947 జూలైలో మొదలయింది. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల పత్రిక. 1954లో అందులో 'తోకచుక్క' అనే జానపద సీరియల్ మొదలు కావడంతో మన పిల్లల ఎదురుచూపు ఒక దారిన పడింది. దాని వెనక మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయా సరోవరం... ఆ పేర్లు చదువుతుంటేనే వెన్నులో చలి పుడుతుంది. ఇవన్నీ రాసిన ఆయన దాసరి సుబ్రహ్మణ్యంగారు. చిత్రమేమిటంటే పత్రికలో ఆయన పేరు వెయ్యలేదు. పాతికేళ్ళపాటు తెలుగు పిల్లలు నెలనెలా ఆయన కోసం ఎదురుచూశారు, ఎవరికోసం చూస్తున్నారో తెలియకుండానే. ఆయన 2010లో పోయేనాటికి ఆ పిల్లలు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు.

ఆ సీరియల్స్‌లో ఒక సంగతి గమనించారా? కథానాయకుడు ఒక్కడే కాదు, ఇద్దరు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయా సరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకడిది కత్తి, ఇంకొకడిది మంత్రం. కత్తి చెల్లనిచోట మంత్రం, మంత్రం పారనిచోట కత్తి. ఇద్దరూ కలిస్తేనే అడవి దాటగలరు. ఇవాళ ఆటలు తయారుచేసే కంపెనీలు అదేదో తామే కనిపెట్టినట్టు, మా ఆటలో ఒక్కో వేషానికి ఒక్కో శక్తి, నలుగురూ కలిస్తేనే గెలుపు అని చాటుకుంటూ వుంటే నాకు నవ్వొస్తుంది. ఆ లెక్క అర్ధశతాబ్దం కిందట మన పిల్లలు బొమ్మలు చూస్తూ, పెరుగన్నం తింటూ నేర్చేసుకున్నారు.

నెలకొకసారి వచ్చేది ఆ పత్రిక. కొండచిలువ నోరు తెరవగానే 'ఇంకా వుంది'. ఇక ఆ నెలంతా ఇంటింటా అదే చర్చ. జీవదత్తుడు ఎలా తప్పించుకుంటాడు? అన్న ఒకటి చెబుతాడు, చెల్లెలు అది కాదంటుంది, పక్కింటి పిల్లలు వచ్చి ఇద్దరూ తప్పంటారు. వచ్చే నెల పత్రిక వచ్చేసరికి అసలు కథ కంటె పిల్లలు అల్లుకున్న కథలే బావుండేవని నా అభిప్రాయం. మనదే లోకం అనిపించేది ఆ మధ్య రోజుల్లోనే. రాని ఆట గురించి మాట్లాడుకోవడం వృథా అనేవాళ్ళకు ఇది గుర్తుచెయ్యాలి.

పిల్లల్నే అనడం దేనికి? 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తూ వుంటే ఎదురుచూసింది మనం కాదూ? చేతబడి పాలైన ఆ పసిపిల్ల ఈ వారం బతుకుతుందా లేదా అని ఎన్ని వంటిళ్ళలో చర్చలు జరిగాయి! అప్పుడు మన అత్తగార్లు మనల్ని చూసి అన్న మాటలు, ఇప్పుడు మనం పిల్లల్ని చూసి అంటున్న మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం తేడా వుండదు. చిక్కడపల్లి అద్దెపుస్తకాల కొట్లలో సీరియల్ నవలగా వచ్చాక కూడా తొందరగా దొరికేది కాదు. ముందువాళ్ళు తెచ్చి ఇస్తేగా!

సినిమా మాట కూడా చెప్పుకుంటేనే ఈ పేట చరిత్ర నిండుతుంది. కె.వి. రెడ్డిగారి 'పాతాళభైరవి' 1951లో వచ్చింది. తోటరాముడి కథకు విత్తనం కాశీమజిలీ కథల్లోదేనంటారు. నేపాళ మాంత్రికుడి గడ్డం చూసి జడుసుకోని పిల్ల ఆ తరంలో లేదు. తర్వాత ఎన్ని జానపదాలు వచ్చాయో లెక్కలేదు. నలభై ఏళ్ళు పోయాక 1994లో సింగీతం శ్రీనివాసరావుగారు 'భైరవద్వీపం' తీస్తే మళ్ళీ అదే ఉత్సాహం. చౌరస్తాలో సంధ్య, దేవి, సుదర్శన్, సప్తగిరి, నారాయణగూడలో దీపక్, శాంతి - మూడు పేటల మధ్య హాళ్ళకు కొదువలేదు. ఆడవాళ్ళకు వేరే క్యూ వుండేది. అది పొట్టిది. అందుకని కొత్త సినిమా రోజున ముక్కూమొహం తెలియని మగవాళ్ళు కూడా వచ్చి, అక్కయ్యగారూ, మాకూ రెండు టిక్కెట్లు అని చేతిలో డబ్బు పెట్టేవారు. సంసారంలో దక్కని గౌరవం సినిమాహాలు దగ్గర దక్కేదని నవ్వుకునేవాళ్ళం.

2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం చివర కట్టప్ప కత్తి దూశాడు. ఎందుకు పొడిచాడో తెలియడానికి 2017 ఏప్రిల్ 28 దాకా ఆగాలి. దాదాపు ఇరవైరెండు నెలలు! చందమామ ఒక్క నెలే ఆపేది. రాజమౌళి రెండేళ్ళు ఆపాడు, దేశమంతా ఆగింది.

ఎదురుచూపు ఎప్పుడూ ముచ్చటగానే ముగుస్తుందని చెప్పలేం. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప-2' ముందస్తు ఆటకు వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగింది. పిల్లల్ని తీసుకుని కుటుంబంతో సినిమాకు వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్ళాడు. ఆ చౌరస్తా మీదుగా కూరలకు వెళ్ళే ఆడవాళ్ళు ఇవాళ్టికీ అక్కడికి రాగానే ఒక్కక్షణం మాట ఆపేస్తారు. పిల్లవాడి ముచ్చట తీర్చడానికి వచ్చింది ఆమె. మన ఇళ్ళల్లో ఎవరైనా అదే చేసేవాళ్ళం.

అందుకే కాబోలు, మా వాడు ఆట కోసం ఎదురుచూస్తున్నాడు, అయితేనేం, ఇంట్లోనే వున్నాడు గదా అని చాలామంది తల్లులు గుండెమీద చెయ్యి వేసుకుంటారు. ఇంట్లో వున్న మాట నిజమే. ఎవరితో వున్నాడన్నదే ప్రశ్న. దానికి జవాబు దొరకాలంటే ఈ ఆట పుట్టిన చోటికి ఒకసారి వెళ్ళిరావాలి.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అని ఒక ఆట అచ్చువేశారు. కంప్యూటర్ లేదు, ఏమీ లేదు. నలుగురు బల్లచుట్టూ కూచుంటారు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు తలా ఒక వేషం. పాచికలు పడ్డదాన్నిబట్టి కథ మలుపు తిరుగుతుంది. మన మణిసిద్ధుడూ గోపడూ గవ్వలు వేసుకుంటూ నడిచారనుకోండి, అదే! అయిదేళ్ళు తిరగకుండానే, 1978లో ఇంగ్లండులో ఎసెక్స్ విశ్వవిద్యాలయం కుర్రాడు రాయ్ ట్రబ్‌షా అలాంటి లోకాన్ని కంప్యూటర్‌లో పెట్టాడు. రిచర్డ్ బార్టిల్ అనే స్నేహితుడు దాన్ని పూర్తిచేశాడు. పేరు 'మడ్'. ఒకేసారి చాలామంది కలిసి ఆడుకునే లోకాల్లో పెద్దముత్తయిదువ అదే. అందులో ఒక్క బొమ్మ కూడా లేదు. అన్నీ అక్షరాలే. నువ్వు ఇరుకు దారిలో నిలబడ్డావు, ఎదురుగా అడవి వుంది అని తెరమీద రాసి వుంటుంది. చదివి, ఊహించుకుని, ఏం చేస్తావో టైపు చెయ్యాలి. అంటే కథల పుస్తకం చదివే అలవాటున్న ఏ అమ్మాయి అయినా మొదటిరోజే ఆడగలిగే ఆట. అందులో అన్ని మెట్లూ ఎక్కినవాళ్ళకు దక్కే పదవి మాంత్రికుడు. ఆడవాళ్ళయితే మంత్రగత్తె. వరస ఎక్కడా తప్పలేదు చూశారా!

ఈ బార్టిల్‌గారు ఆడేవాళ్ళను ఏళ్ళ తరబడి చూసి 1996లో ఒక వ్యాసం రాశాడు. ఆటగాళ్ళు నాలుగు రకాలన్నాడు, పేకముక్కల్లాగా. నిధులూ పదవులూ కూడబెట్టుకునేవాళ్ళు డైమన్లు. కొత్తచోట్లు తవ్వి చూసేవాళ్ళు ఇస్పేట్లు - ఇంగ్లీషులో ఆ మాటకు పార అనే అర్థం కూడా వుంది లెండి. గెలుపూ వద్దు ఓటమీ వద్దు, నలుగురితో కబుర్లు చాలనేవాళ్ళు ఆఠీన్లు. ఎదుటివాళ్ళను మొత్తడంలోనే ఆనందం పొందేవాళ్ళు కళావర్లు. ఈ లెక్క చదివాక నాకు ఏ పేరంటానికి వెళ్ళినా అదే యావ. పట్టుచీరలు లెక్కపెట్టే ఆవిడ ఏ ముక్క? కొత్తకోడలి పుట్టింటి సంగతులు తవ్వే ఆవిడ ఏ ముక్క? అన్నిటికంటె ఎక్కువ మంది ఆఠీన్లే, సందేహం లేదు. తాంబూలం చేతిలోకి వచ్చి గంటయినా గుమ్మం దిగరు. ఆటలో అపరిచితులతో కబుర్లు చెప్పే మన పిల్లవాడికి ఆ గుణం ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా?

అయితే కళావర్లు కూడా అక్కడే వుంటారని మరిచిపోకూడదు. ఈ విషయంలో 1997 నాటి ముచ్చట ఒకటి చెప్పి తీరాలి. రిచర్డ్ గారియట్ అనే ఆయన 'అల్టిమా ఆన్‌లైన్' అని ఒక మహాలోకాన్ని తయారుచేస్తున్నాడు. ఎదురుచూపంటే దానికి జరిగింది ఎదురుచూపు. ఏమేం చెప్పారనుకున్నారు! ఆ లోకంలో అడవి నిజం అడవిలా వుంటుంది. కుందేళ్ళు గడ్డి మేస్తాయి, తోడేళ్ళు కుందేళ్ళను తింటాయి. తిండి కరువైతే మృగాలు ఊళ్ళమీద పడతాయి. ఈ ఫీచర్ విని జనం మురిసిపోయారు. తీరా లోకం తెరిచాక జరిగిందేమిటి? వేలమంది ఒక్కసారిగా లోపలికి జొరబడి, కుందేలని లేదు తోడేలని లేదు, కనబడ్డ ప్రాణినల్లా నరికేశారు. పుట్టేవాటి కంటె చచ్చేవి ఎక్కువైపోయాయి. అడవి నడక అర్థం చేసుకునేంత సేపు ఒక్కరూ ఆగలేదు. చేసేదిలేక ఆ ఏర్పాటునే తీసేశారు. ఇంత కష్టపడి పిండివంటలన్నీ చేస్తే ముందు అప్పడాల మీద పడ్డట్టయింది.

దానికంటె ముందు, ఆగస్టులో, ఆటను సరిచూసుకోవడానికి కొందరిని లోపలికి రానిచ్చారు. గారియట్ తానే ఆ లోకానికి రాజు, పేరు లార్డ్ బ్రిటిష్. ప్రజలకు దర్శనమిద్దామని కోటమీద నిలబడ్డాడు. ఆయనకు చావులేని వరం ఉంది - తన ఆట, తనకు తానిచ్చుకున్న వరం. కాని అంతకుముందే యంత్రం ఒకసారి ఆగి మళ్ళీ మొదలయింది. వరం మళ్ళీ పెట్టుకోవడం రాజుగారు మరిచిపోయారు. గుంపులోంచి ఎవడో దొంగిలించి తెచ్చిన అగ్నిమంత్రం ఒకటి విసిరాడు. అంతే, సృష్టికర్త నలుగురి ఎదుటా కుప్పకూలాడు. భస్మాసురుడి కథలో శివుడికైనా పరిగెత్తడానికి వ్యవధి దొరికింది. ఈయనకు అదీ లేదు. ఆన్‌లైన్ ఆటల చరిత్రలో అంతగా చెప్పుకునే చావు మరొకటి లేదు. ఆ ఆట సెప్టెంబరులో బజారులోకి వచ్చింది. రాబోయే ఆట గురించి చెప్పే విశేషాలను ఎంతవరకు నమ్మవచ్చో అప్పుడే తేలిపోయింది. అయినా నమ్మేవాళ్ళు తగ్గలేదు. 2001 సెప్టెంబరులో ప్రకటించిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' 2004 నవంబరు 23న గాని రాలేదు. మూడేళ్ళపాటు జనం దాని ఫీచర్లనే మననం చేసుకున్నారు.

మనదేశంలో ఇంటర్నెట్ మామూలు జనానికి అందింది 1995 ఆగస్టు 15న. మరో అయిదారేళ్ళకు మన పేటల్లోనూ ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. అద్దెపుస్తకాల కొట్టులోలాగే గంటకింత అని లెక్క. అక్కడ కుర్రాళ్ళు ఎక్కువగా తుపాకులాటలే ఆడారు, జానపదాలు తక్కువ. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా అనే సంస్థ సోనీవాళ్ళ ప్లేస్టేషన్ కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. దేవుణ్ణి ఆటగాడి చేతికి కీలుబొమ్మగా ఇస్తారా అని అమెరికాలో వుండే హిందూ నాయకుడొకాయన అభ్యంతరం చెప్పారు. పగటివేషగాడు హనుమంతుడై వీధిలోకి వస్తే పళ్ళెంలో బియ్యం వేసి దణ్ణంపెట్టిన ఇళ్ళు మనవి. వేషం కట్టడం మనకు దోషం కాదుగాని, వేషంలో ఏం చేస్తాడన్నది చూస్తాం. 2017లో బాహుబలి రెండో భాగంతో పాటు బెంగుళూరి సంస్థ మూన్‌ఫ్రాగ్ మాహిష్మతిని ఫోన్‌లోకి దించింది. అది కోటలు కట్టుకుని కాచుకునే ఆట.

ఇక ఇంట్లో ఎవరితో వున్నాడన్న ప్రశ్న. పెద్ద రాక్షసుణ్ణి కొట్టాలంటే ఒక్కడివల్ల కాదు. వార్‌క్రాఫ్ట్ మొదట్లో ఒక్కొక్క దండయాత్రకు నలభై మంది కావలసి వచ్చేది. నలభై మంది! పెళ్ళికి ఒక బస్సు నిండా జనం. అందరూ ఒకే వేళకు వచ్చి చెప్పిన పని చెప్పినట్టు చెయ్యాలి. వాళ్ళలో మూడు తెగలు - ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాళ్ళు, వెనకనుంచి దెబ్బ కొట్టేవాళ్ళు, పడిపోబోయేవాళ్ళ ప్రాణం నిలబెట్టేవాళ్ళు. ఈ చివరివాళ్ళను 'హీలర్' అంటారు.

అశోక్‌నగర్‌లో వుండి చదువుకుంటున్న మా అక్క మనవడు ఒక ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు, రాబోయే ఆటలో నువ్వు ఏ వేషం కడతావురా అని అడిగాను. ఖడ్గవర్మ అంటాడనుకున్నాను.

"హీలర్ని, చిన్నమ్మమ్మా. ఎప్పుడూ అదే" అన్నాడు.

"కత్తి పట్టవూ?"

"ఆ పనికి అందరూ వస్తారు. దీనికే ఎవరూ రారు. యుద్ధం ఎలా వుందో కూడా మేం చూడం. ఎవరికి ప్రాణం తగ్గుతోందో ఆ గీతలే చూస్తూ వుంటాం. అంతా బాగా జరిగితే మమ్మల్ని ఎవరూ తలుచుకోరు. ఒక్కడు చచ్చాడా, మమ్మల్నే తిడతారు."

వాడు అన్నం కలుపుకుంటూ మామూలుగానే అన్నాడు. వడ్డిస్తున్న మా కోడలు మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వాడి జట్టులో వైజాగు అమ్మాయి ఒకత్తె, మలేషియా డాక్టరు ఒకాయన, ఊరూపేరూ చెప్పని మరొకడు వున్నారట. ఆ మరొకడి సంగతి గట్టిగా అడిగితే వాడికీ తెలియదు. చందమామ రోజుల్లో కథ చర్చించడానికి వచ్చే పక్కింటి పిల్లవాడు ఎవరి కొడుకో, ఏం తింటాడో, ఎప్పుడు అబద్ధమాడతాడో మనకు తెలిసేది. ఈ నలభై మందిలో ఏ ఒక్కరూ మన గడప తొక్కలేదు. నా బెంగ ఆట గురించి కాదు, ఆ తెలియకపోవడం గురించే. వాళ్ళు మంచివాళ్ళు కాదనీ కాదు. మా వాడికి పరీక్ష రద్దయిన రాత్రి తెల్లవారేదాకా కబుర్లు చెప్పి కూచోబెట్టింది ఆ మలేషియా డాక్టరేనట. అది మా ఎవ్వరికీ తెలియలేదు.

డబ్బు మాట కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. చాలామంది ఈ ఆటల్నీ ఫోన్‌లో ఆడే రమ్మీనీ ఒకే గాట కట్టేస్తారు. పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. వేషాల ఆటలు ఆ కోవలోవి కావు. అయితే వాటిలోనూ కవచానికింత, గుర్రానికింత అని దుకాణాలు వుంటాయి. మీ ఫోన్‌కు బ్యాంకు తగిలించి వుంటే పిల్లవాడి గుర్రం మీ ఖాతాలో గడ్డి మేస్తుంది. అది మాత్రం ముందే చూసుకోండి.

పాత సినిమా మళ్ళీ హాల్లో వేసినట్టు, వార్‌క్రాఫ్ట్‌వాళ్ళు 2019 ఆగస్టు చివర తమ ఆటను మొదట్లో వున్న రూపంలోనే మళ్ళీ విడుదల చేశారు. తలుపులు తెరిచిన రాత్రి జనం విరగబడ్డారు. అందరూ ఒక్కసారి పట్టరు గనక తెరమీద ఒక అంకె కనబడేది, మీకంటె ముందు ఇన్ని వేలమంది వున్నారని. ఇళ్ళల్లో కూచునే గంటల తరబడి క్యూ కట్టారన్నమాట. ఎలాగో లోపలికి వెళ్ళాక ఇంకో చిక్కు. మొదటి మజిలీలో చంపవలసిన రాక్షసుడు ఒక్కడే, చంపవలసినవాళ్ళు వందలమంది. వాడు చచ్చాక మళ్ళీ పుట్టేదాకా ఆగాలి. అక్కడ ఎవరూ చెప్పకుండానే, కత్తులు భుజాన వేసుకుని వీరులు, దండాలు పట్టుకుని మాంత్రికులు, కొండ చుట్టూ ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడ్డారు. ముందువాడు రాక్షసుణ్ణి చంపి పక్కకు జరుగుతాడు, తర్వాతవాడు ముందుకు వస్తాడు. ఆ ఫొటో నాకు మా వాడే చూపించాడు. చౌరస్తాలో దేవి థియేటర్ ముందు వరస ఎలా వుండేదో అచ్చం అలాగే వుంది. ఆడవాళ్ళకు వేరే లైను వుందా అని అడిగాను. లేదట.